పిడుదుల లెక్క ఇరవై ఒక్క రోజులు

రక్తం తాగి ఉబ్బిన పిడుదు ఒకటి దొరికితే వెంటనే చంపకండి. పట్టకారుతో తీసి గాజు సీసాలో వేసి, మూతికి పల్చని గుడ్డ బిగించి కట్టి, పిల్లలకు అందని గూట్లో పెట్టండి. మూడేళ్ల కిందట నేను ఆ పని చేశాను. మొదటి మూడు రోజులు అది ఆముదపు గింజలా కదలకుండా పడి ఉంది. నాలుగో రోజు దాని తల దగ్గర గసగసాల కన్నా చిన్నవి, గోధుమరంగు గుడ్లు కనిపించాయి. వారం దాటేసరికి గుడ్ల కుప్ప పిడుదు కంటే పెద్దదైంది. మైనం పూసినట్లు ఒకదానికొకటి అంటుకుని మెరుస్తున్నాయి. తల్లి మాత్రం ఎండుద్రాక్షలా ముడుచుకుని చచ్చిపోయింది. నెల తిరిగాక ఒక ఉదయం ఆ కుప్ప కదులుతోంది. గుడ్డ మీద నా ఊపిరి తగలగానే కంటికి ఆనీ ఆననట్లున్న పిల్లలన్నీ ముందుకాళ్లు పైకెత్తి ఊపాయి. మనిషైనా పశువైనా, ఊపిరి తగిలితే వాటికి కబురు అందినట్లే.

సీసాను మరిగే నీళ్లలో ముంచాను. ఒక్క ఆడ పిడుదు రెండు మూడు వేల గుడ్లు పెడుతుందని మా పశువైద్యుడు చెప్పినప్పుడు నాకు పూర్తిగా నమ్మకం కలగలేదు. సీసా చూశాక నమ్మాను. ఆవు మీద కనిపించేవి కొన్నే, మిగిలిన సంసారమంతా గోడ పగుళ్లలో, గాడి కింద, రాళ్ల సందుల్లో ఉంటుందని అప్పుడే తెలిసింది.

అంతకు ముందు ఏడాది నా సంకరజాతి పెయ్య గౌరి చనిపోయింది. మదనపల్లె దగ్గర పల్లె మాది. నాలుగు ఆవులు, రెండు దూడలు, ఒక కుక్క ఉన్నాయి. గౌరి తొలిచూలు, ఏడో నెల. ఒకరోజు మేత ముట్టలేదు, నెమరు వేయలేదు. భుజం ముందు నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలింది. పలుపు ఒరుసుకుని వాచిందనుకుని పసుపు, ఆముదం కలిపి పట్టు వేశాను. రెండు రోజులు అలాగే గడిచిపోయాయి. మూడో రోజు డాక్టరు వచ్చి చెవి దగ్గర రక్తం తీసి గాజు పలక మీద పూసి పరీక్షకు పంపారు. పిడుదుల వల్ల వచ్చే థైలేరియా జ్వరం అని తేలింది. కనురెప్ప కింద ఎర్రగా ఉండవలసిన చోటు అప్పటికే కాగితంలా తెల్లబడింది. అయిదో రోజు పోయింది. భుజం ముందు గడ్డ అంటే ఏమిటో నాకు ఒక్కరు ముందుగా చెప్పి ఉంటే ఆ రెండు రోజులు దక్కేవి. అందుకే ముందు పిడుదులు తెచ్చే జబ్బుల గుర్తులు చెబుతాను.

ఆవుకు మామూలుగా ఉండే వేడి 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్. కొట్టంలో ఒక థర్మామీటరు పెట్టుకోండి. 104 దాటి, భుజం ముందు గ్రంథి వాచి, రొప్పుతూ ఉంటే థైలేరియా కావచ్చు. దీనికి బుపార్వాక్వోన్ అనే మందు ఉంది. బరువును బట్టి మోతాదు లెక్కగట్టి డాక్టరే వేయాలి. ఎంత తొందరగా పడితే అంత మేలు, ఒంట్లో రక్తం తగ్గిపోయాక మందు పడినా పశువు నిలవడం కష్టం. జ్వరంతో పాటు మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే బెబీసియా. కళ్లు, పొదుగు పసుపుపచ్చగా మారి, పేడ గట్టిపడి, మూత్రం మాత్రం ఎర్రగా లేకపోతే అనాప్లాస్మా అని అనుమానించాలి. మూడింటికీ మందులు వేరు వేరు. కాబట్టి సూదిమందు వేయకముందే రక్తపు పూత తీయమని అడగండి. పశువును కదిలించలేకపోతే 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

బెబీసియా సంగతి ఒకటి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. తల్లి పిడుదుకు అంటిన జబ్బు గుడ్లలోకి కూడా దిగుతుంది, అంటే పుట్టిన పిల్ల జబ్బుతోనే పుడుతుంది. అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు ఈ జ్వరం పిడుదుల వల్లే వ్యాపిస్తుందని 1893లో నిరూపించారు. దోమ వల్ల మలేరియా వస్తుందని తేలడానికి నాలుగేళ్ల ముందు మాట ఇది.

ఇక పని. ముందు లెక్కపెట్టండి. పొద్దున పాలు పితికాక ఆవు ఒక పక్కన నిలబడి చెవి లోపల, గంగడోలు మడతల్లో, ముందుకాళ్ల సందుల్లో, పొదుగుకూ తొడకూ మధ్య, తోక మొదట్లో వేళ్లతో తడిమి చూడండి. కందిగింజ కంటే పెద్దవే లెక్కలోకి తీసుకుని రెట్టింపు చేస్తే ఆవు మొత్తం మీద ఎన్నో సుమారుగా తెలుస్తుంది. ఆ అంకె రాసి పెట్టుకోండి. మందు పనిచేసిందో లేదో తర్వాత చెప్పేది అదే.

మా కొట్టంలో రెండు రకాలు కనిపిస్తాయి. కొన్ని చోట్ల రెండింటినీ గోమార్లు అనే అంటారు. రెండింటికీ వీపు మీద గట్టి డొప్ప ఉంటుంది. మగదానికి వీపంతా, ఆడదానికి తల వెనక కొంచెమే. అందుకే ఆడది అంత ఉబ్బగలదు. పొట్టి కాళ్ల రకం పిల్లగా ఆవు మీదికి ఎక్కి, దాని మీదే పెరిగి, మూడు వారాలకు రక్తంతో నిండి గుడ్లు పెట్టడానికి కిందికి రాలుతుంది. కాళ్లు పొడవుగా, పట్టీలు వేసినట్లు తెల్ల చారలతో ఉండేది హయలోమా. అది మధ్యలో దిగి గోడ పగుళ్లలో దాక్కుని మళ్లీ ఇంకో పశువును పడుతుంది. గౌరిని తీసుకుపోయింది ఈ రెండో రకమే. ఆవు మీద మాత్రమే మందు కొట్టేవాళ్లకు ఇది ఎప్పటికీ లొంగదు.

మందు కొట్టే రోజు ఆవులు, దూడలు, మేకలు, కుక్క, అన్నిటికీ ఒకే రోజు చేయాలి. ఒక్కదాన్ని వదిలినా అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. కుక్కకు ఏ మందో డాక్టరును వేరుగా అడగండి. ఇంట్లో పిల్లి ఉంటే ఈ మందులు దాని దరిదాపులకు పోనీయకండి. నేను పశువులకు వాడేది 12.5 శాతం అమిట్రాజ్, లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు. మూతతో అంచనా వేయను, సిరంజితో కొలుస్తాను. పల్చగా కలిపితే బలహీనమైనవి చచ్చి, బలమైనవి మిగిలి, వాటి పిల్లలకు ఆ మందు అంటే భయం లేకుండా పోతుంది. చిక్కగా కలిపితే పశువుకే విషం. మీ సీసా మీద శాతం వేరుగా ఉంటే లెక్క కూడా వేరు, చీటీ చదివి, డాక్టరుతో సరిచూసుకుని కలపండి. పాలిచ్చే ఆవుకు ఎన్నాళ్ల పాలు వాడకూడదో కూడా అప్పుడే అడగండి. పిడుదులకే వేసే ఐవర్‌మెక్టిన్ అనే సూదిమందు పడిన ఆవు పాలు చాలా రోజులు పనికిరావు.

ఎండ పడకముందు కానీ, సాయంత్రం చల్లబడ్డాక కానీ మొదలుపెట్టండి. ముందుగా కడుపునిండా నీళ్లు తాగించండి, దాహంతో ఉన్న పశువు ఒళ్లు నాకుతుంది. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, పొడుగు చేతుల చొక్కా వేసుకుని గాలి వాటానికి వీపు పెట్టి నిలబడండి. వెంట్రుకలకు ఎదురుగా కొడితేనే మందు చర్మాన్ని అందుకుంటుంది. పెద్ద ఆవుకు నాలుగు లీటర్ల దాకా పడుతుంది. వీపు తడిస్తే సరిపోదు, మందు పొట్ట కింద నుంచి చుక్కలుగా కారాలి. చెవి లోపలికి, కళ్ల చుట్టూ స్ప్రేయర్ వద్దు, మందులో ముంచిన గుడ్డతో తుడవండి. ఒంటి మీద పుండ్లు ఉంటే ఆ చోటు వదిలేయండి. పాలు తీసే ముందు, దూడను వదిలే ముందు పొదుగు సబ్బు నీళ్లతో కడగండి. మిగిలిన మందు చెరువులోనో కాలువలోనో పారబోయకండి, చేపలు చస్తాయి.

మర్నాడు గోడల పని. పగుళ్లలో చీపురుపుల్ల పెట్టి గీకితే ఏం రాలుతుందో చూడండి. మా గాడి వెనక ఒక్క పగులులోంచి అరచేతి నిండా రాలాయి. రాలినవి కిరోసిన్‌లో వేసి, పగుళ్లలోకి అదే మందు కొట్టి, ఆరాక సిమెంటుతో పూడ్చి, పైన చిక్కని సున్నం వేశాను. గాడి, నీళ్ల తొట్టి లోపల మందు పడకూడదు. రేకుల కొట్టం, రాతి గోడ అయితే కొందరు మంటతో కాలుస్తారు. మాది బోద కప్పు కాబట్టి ఆ జోలికి పోలేదు. పేడకుప్పను కొట్టానికి దూరంగా జరిపాను. రెండు నాటుకోళ్లు పగలంతా ఆవుల కాళ్ల మధ్యే తిరుగుతాయి, రాలినవాటిని ఏరి తింటాయి. మందు కొట్టిన రెండు రోజులు మాత్రం వాటిని గంపకింద మూస్తాను.

వేపనూనె సంగతి చాలామంది అడుగుతారు. రాస్తే కొత్తవి కొంతవరకు ఎక్కవు. పట్టుకుని ఉన్నవాటిని పూర్తిగా వదిలించదు. రెండు మందుల మధ్య రోజుల్లో నేనూ రాస్తాను, దాన్నే నమ్ముకుని కూర్చోను.

ఒక్కసారి కొట్టి ఊరుకుంటే పని జరగదు. గుడ్లకు మందు అంటదు. అవి పొదిగి పిల్లలు ఎక్కుతాయి, అవి పెరిగి గుడ్లకు దిగేలోగా మళ్లీ కొట్టాలి. అందుకే కొట్టంలో ఒక క్యాలెండరు వేలాడదీసి మందు కొట్టిన రోజుకు సున్నా చుట్టి, ఇరవై ఒక్క రోజులు లెక్కబెట్టి ఇంకో సున్నా చుడతాను. నేను వరుసగా నాలుగు సార్లు చేశాను. ఒక పక్క లెక్క నలభై రెండు నుంచి మూడుకు దిగింది. సరిగ్గా కలిపినా రెండు సార్లకు తగ్గకపోతే మోతాదు పెంచవద్దు, మందు రకం మార్చాలి. సంతలో కొన్న పశువును మందు కొట్టి, మూడు వారాలు విడిగా కట్టాకే కొట్టంలోకి తెస్తున్నాను. థైలేరియాకు టీకా కూడా ఉంది. ద్రవ నత్రజనిలో నిల్వ ఉంచవలసిన టీకా కనుక దూడలకు వేయించాలంటే ముందే అడిగి ఏర్పాటు చేసుకోవాలి.

ఇప్పుడు మనుషుల మాట. మా అత్తయ్య పిడుదును గోళ్ల మధ్య పెట్టి చిట్లించేది. ఆ పని ఎవరూ చేయవద్దని చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది. మన దేశంలో 2011లో గుజరాత్‌లో మొదటిసారి బయటపడిన క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరాన్ని మోసేది హయలోమా పిడుదులే. పశువుకు ఏ జబ్బూ కనిపించదు. మనిషికి మాత్రం పిడుదు కుట్టినా, చిట్లించిన రక్తం చేతి గీతల్లోంచి లోపలికి పోయినా, కోసిన పశువు రక్తం తగిలినా అంటుకుని ప్రాణం మీదికి తెస్తుంది. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు రాలిపోయి, ఆ తర్వాత మనుషులకు వచ్చిన జ్వరం కూడా పిడుదులదే. మన పల్లెల్లో ఎవరికైనా రాగల పిడుదు టైఫస్ జ్వరం సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే మందుతో తగ్గుతుంది, గుర్తించకపోతే ముదురుతుంది.

ఒంటికి పట్టిన పిడుదును తీయడానికి కిరోసిన్, అగ్గిపుల్ల, సున్నం వాడకండి. బాధపెడితే అది నోట్లోది పుండులోకి కక్కుతుంది. సన్నని మొనల పట్టకారుతో చర్మానికి ఆనించి, నోటి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా, పొట్ట నొక్కకుండా నెమ్మదిగా నిటారుగా లాగండి. కుట్టిన చోటు సబ్బుతో కడిగి స్పిరిట్ రాయండి. పిడుదును స్పిరిట్‌లోనో సబ్బు నీళ్లలోనో వేయండి. రెండు వారాల లోపు జ్వరం, ఒళ్లునొప్పులు, దద్దుర్లు వస్తే డాక్టరు అడగకముందే పిడుదు కుట్టిన సంగతి, తేదీ చెప్పండి.

మా క్యాలెండరులో ఆవుల తేదీలు ఎర్ర సిరాతో, మనుషుల తేదీలు నీలి సిరాతో ఉంటాయి. పోయిన నెల నీలి సిరాతో మనవడి పేరు రాశాను, చెవి వెనక ఒకటి దొరికింది. పదిహేను రోజులు పొద్దునా సాయంత్రం వాడి నోట్లో థర్మామీటరు పెట్టి చూశాను. జ్వరం రాలేదు. పదహారో రోజు ఆ పేరు కొట్టేశాను.