ఎలోయ్ అల్ఫారో కథ చెప్పాలంటే ముందు పిల్లల్ని రైలెక్కించండి

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఈక్వడార్‌లో జనరల్‌గా పోరాడి, తర్వాత ఉదారవాద అధ్యక్షుడైన ఎలోయ్ అల్ఫారో అంటే నాకు చాలా ఇష్టం. తొమ్మిదో తరగతికి ఆయన గురించి మొదటిసారి చెప్పినప్పుడు "1842 జూన్ 25న మోంటెక్రిస్టీలో పుట్టాడు" అంటూ మొదలుపెట్టాను. పది నిమిషాలకే పిల్లల చూపులు కిటికీ దాటిపోయాయి. మరుసటి ఏడాది నుంచి, ఆయన పూర్తి చేయించిన గ్వాయాకిల్–క్విటో రైలుతో మొదలుపెడుతున్నాను. మీరూ అలాగే చెప్పి చూడండి.

బోర్డు మీద ఎడమవైపు కింద గ్వాయాకిల్ రేవు, కుడివైపు పైన రాజధాని క్విటో రాయండి. క్విటో సుమారు 2,850 మీటర్ల ఎత్తున ఉంది. రెండింటినీ ఒక గీతతో కలపండి. కింద కోకో ఎగుమతి చేసే వ్యాపారులు, ఉదారవాదులు. పైన పెద్ద భూస్వాములు, చర్చి, సంప్రదాయవాదులు. మధ్యలో ఆండీస్ కొండలు, కంచరగాడిదల దారి. రైలు ఎందుకు కావాలో పిల్లలే చెప్తారు.

ఇప్పుడు "దెయ్యం ముక్కు" దగ్గర ఆగండి. అలౌసి దగ్గర నిట్టనిలువుగా లేచే కొండకు ఆ పేరు. రైలు కొంతదూరం ముందుకెళ్లి ఆగుతుంది, పట్టా మారి వెనక్కి నడుస్తూ పైకెక్కుతుంది, మళ్లీ ముందుకు. డస్టర్‌ను బోర్డు మీద అలాగే జరిపి చూపించండి. ఆ కొండను తొలవడానికి జమైకా నుంచి వేలమంది కూలీలు వచ్చారు, ఎంతోమంది అక్కడే చనిపోయారు. ఆ మాట దాటవేయకండి. తొలి పట్టాలు వేయించింది అల్ఫారో వ్యతిరేకించిన అధ్యక్షుడు గార్సియా మొరేనో అన్నదీ చెప్పండి. 1908 జూన్ 25న, అల్ఫారో పుట్టినరోజునే, రైలు క్విటో చేరింది. పుట్టినతేదీ చెప్పాల్సింది ఇక్కడ. ఇక పిల్లలు మర్చిపోరు.

ఆ తర్వాతే బాల్యానికి వెళ్లండి. దొరికితే ఒక గడ్డిటోపీ తీసుకెళ్లండి. తండ్రి స్పెయిన్ నుంచి వచ్చిన వ్యాపారి, మోంటెక్రిస్టీలో అల్లే టోపీలు అమ్మేవాడు. పనామా టోపీ అని లోకం పిలిచేది ఈక్వడార్‌లో అల్లినదే అంటే పిల్లలు ఆశ్చర్యపోతారు. అల్ఫారో పనామాలో వ్యాపారం చేసి సంపాదించిన డబ్బును తిరుగుబాట్లకే ఖర్చుపెట్టాడు.

1895కి తొందరపడి దూకకండి, ఇది ముఖ్యం. 1864లో మనబీ ప్రాంత గవర్నర్‌ను పట్టుకుని పోరాటం మొదలుపెట్టాడు. 1895 జూన్ 5న గ్వాయాకిల్ ఆయన్ను సర్వాధికారిగా ప్రకటించింది. మధ్యలో ఎన్నేళ్లో పిల్లలతోనే లెక్కపెట్టించండి. ముప్ఫై ఒకటి. ప్రవాసాలు, ఓటములు. 1884లో హరమిహో దగ్గర శత్రువుకు చిక్కకూడదని తన ఓడకు తనే నిప్పుపెట్టాడు. "ఓటముల జనరల్" అన్న పేరు ఊరికే రాలేదు.

చట్టాలు చెప్పేటప్పుడు ప్రతిదానికీ "అంతకుముందు ఎలా ఉండేది?" అని అడగండి. 1869 రాజ్యాంగం ప్రకారం కేథలిక్ అయితేనే పౌరుడు. 1897 రాజ్యాంగం మతస్వేచ్ఛ ఇచ్చింది, 1906 రాజ్యాంగం చర్చిని ప్రభుత్వం నుంచి విడదీసింది. ఇలా పక్కపక్కన పెడితే వేరే వివరణ అక్కర్లేదు. 1897లోనే క్విటోలో మెహియా విద్యాసంస్థ మొదలైంది, మతంతో సంబంధం లేని చదువు కోసం.

తప్పులు దాచకండి. 1906 జనవరిలో ఎన్నికైన అధ్యక్షుడు లిసార్డో గార్సియాను ఆయుధాలతో దించేసి మళ్లీ పదవిలోకి వచ్చాడు. ఒకసారి మా క్లాసులో ఒక అమ్మాయి లేచి "మరి ఆయన మంచివాడేనా సార్?" అని అడిగింది. అలాంటి ప్రశ్న వస్తే మీరు జవాబు చెప్పకండి, క్లాసునే వాదించుకోనివ్వండి. ఆ రోజు మా క్లాసులో బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు.

చివరిదాకా బోర్డు మీద గీత చెరపకండి. 1911లో ఆయన్ను పదవి నుంచి దించారు. 1912 జనవరిలో పనామా నుంచి తిరిగొచ్చాడు, అంతర్యుద్ధంలో ఓడి గ్వాయాకిల్‌లో పట్టుబడ్డాడు. వేలితో గీత మీద మళ్లీ కింది నుంచి పైకి నెమ్మదిగా వెళ్లండి. ఆయన్ను క్విటో జైలుకు తీసుకెళ్లింది ఆ రైల్లోనే. జనవరి 28న గుంపు జైల్లోకి చొరబడి ఆయన్ను, సోదరుడు మెదార్దోను, మరో నలుగురిని చంపి, ఎల్ ఎహిదో మైదానం దాకా ఈడ్చుకెళ్లి తగలబెట్టింది. అంతకుమించి వర్ణించకండి. సుద్దముక్క కింద పెట్టి, పిల్లలు మాట్లాడేదాకా ఆగండి.