పాత జనాభా లెక్కల పట్టికలు ఎక్కించేటప్పుడు తప్పులు ఎలా దిద్దుకోవాలి?

గోదావరి డెల్టా ఊళ్ల పాత జనాభా లెక్కలను కంప్యూటర్ షీటులోకి ఎక్కించే పనికి స్వచ్ఛందంగా కూర్చునేవాళ్లు ముందే ఒక నిర్ణయానికి రావాలి. మన వేళ్లు చేసిన తప్పు వేరు, పుస్తకంలో అచ్చయిన తప్పు వేరు. మొదటిదాన్ని వెంటనే దిద్దాలి. రెండోదాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించి, గమనిక గడిలో మన అనుమానం రాయాలి.

అసలు తప్పే కానిదాన్ని దిద్దేయడం వీటన్నిటికంటే ప్రమాదం. 1911 పట్టికల్లో తణుకు, భీమవరం తాలూకాలు కృష్ణా జిల్లా కింద ఉంటాయి. అది అచ్చుతప్పు కాదు. 1904లో వాటిని గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. అందుకే అదే తణుకు 1901లో గోదావరిలోను, 1911, 1921లలో కృష్ణాలోను, 1931లో పశ్చిమ గోదావరిలోను కనిపిస్తుంది. జిల్లా పేరు "సరిచేసి" పెడితే ఆ చరిత్ర షీటులోంచి చెరిగిపోతుంది. యానాం సంగతీ అంతే. 1954 దాకా అది ఫ్రెంచివారి చేతిలో ఉంది కాబట్టి, బ్రిటిష్ పట్టికల్లో దాని ఊళ్లు లేకపోతే పేజీ జారిపోయిందని కంగారు పడక్కర్లేదు.

ఇక అంకెలు. పేజీ పూర్తవగానే ప్రతి వరుసలో మగవారినీ ఆడవారినీ కూడి మొత్తంతో సరిచూడండి, తర్వాత తాలూకా మొత్తంతో. తేడా వస్తే ఆ తేడానే దారి చూపిస్తుంది. అది తొమ్మిదితో భాగింపబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడండి: 1274ను 1247 అని కొడితే తేడా 27. తేడా 5, 50, 500 అయితే మసకగా ఉన్న 3ను 8గా చదివి ఉండవచ్చు. తేడా సరిగ్గా ఒక ఊరి జనాభా అంత ఉంటే ఆ వరుస వదిలేశారు, లేదా రెండుసార్లు కొట్టారు. ఇవన్నీ చూశాక కూడా లెక్క కలవకపోతే తప్పు అచ్చులోనే ఉండి ఉంటుంది. మొత్తాన్ని మీ కూడికకు తగ్గట్టు మార్చకండి. పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక ఉందేమో వెతకండి.

లంక గ్రామాల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. గోదారి కోసేసిన లంకలు, కొత్తగా మేట వేసిన లంకలు ఉన్న నేల ఇది. జనం లేని ఊరి ఎదుట గీత ఉంటే గీతే పెట్టండి, సున్నా ఉంటే సున్నా, ఖాళీగా ఉంటే ఖాళీ. మూడూ ఒకటి కాదు.

పేర్లు అచ్చులో ఉన్నట్టే కొట్టండి. కాకినాడ "కొకనాడ"గా, ఏలూరు "ఎల్లోర్"గా ఉంటే అలాగే ఉంచి, నేటి పేరు వేరే గడిలో రాయండి. కొత్తపేట లాంటి పేర్లు చాలాచోట్ల ఉంటాయి కనుక తాలూకా, వరుస సంఖ్య చూడకుండా ఏ ఊరినీ గుర్తించవద్దు.

సమర్పించేసిన పేజీలో తప్పు కనిపిస్తే పాత అంకెను చెరిపేయకుండా పక్కన కొత్త అంకె, తేదీ, కారణం, స్కాన్ పేజీ సంఖ్య రాసి సమీక్షకులకు పంపండి. ఇద్దరు రెండు రకాలుగా చదివితే, మూడో మనిషి ఆ స్కాన్ చూసేదాకా రెండు అంకెలనూ ఉంచండి.