స్విచ్ ఆపినా వెలిగే స్పాట్ లైట్లు, వంచితే ఆరిపోయే లైట్లు: సమస్య - పరిష్కారం

ఫాల్స్ సీలింగ్‌లో పెట్టే తిరిగే స్పాట్ లైట్ల గురించి ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే: "లైటు పాడైంది, మార్చాలి." తీరా వెళ్లి చూస్తే లైటు నిక్షేపంలా ఉంటుంది. పాడైంది కన్నమో, వైరో, స్విచ్ బోర్డో అయి ఉంటుంది. నేను చెప్పేది జిప్సమ్ బోర్డులో బిగించే, విడిగా డ్రైవర్ (ఇంటి కరెంటును ఎల్ఈడీకి తగ్గట్టు మార్చి ఇచ్చే చిన్న డబ్బా) ఉండే ఎల్ఈడీ లైట్ల గురించి. ఎంసీబీ (మెయిన్ బోర్డులో కరెంటును ఆపే మీట) దింపకుండా పైన చెయ్యి పెట్టకూడదన్న సంగతి తెలుసుననే అనుకుంటున్నాను.

లైటు కిందికి జారుతోంది, లేదా ఒకవైపు సందు కనిపిస్తోంది

పెట్టె మీద రెండు కొలతలు ఉంటాయి. ఒకటి లైటు బయటి అంచు కొలత, రెండోది కటింగ్ సైజు, అంటే సీలింగ్‌లో కోయాల్సిన కన్నం కొలత. సీలింగ్ కుర్రాడు బయటి అంచు కొలిచి హోల్ సాతో (గుండ్రంగా కోసే రంపం) అంత కన్నం కోసేస్తే స్ప్రింగ్ క్లిప్పులకు పట్టు దొరకదు. అట్టముక్కలు కుక్కితే నాలుగు రోజులు నిలుస్తుంది, ఐదో రోజు ఊడి సోఫా మీద పడుతుంది. కటింగ్ సైజు ఇంకాస్త పెద్దగా ఉన్న లైటు కొనుక్కోవడమే మందు.

కన్నం సరిగ్గానే ఉన్నా ఒకవైపు మాత్రమే సందు ఉంటే, ఆ వైపు క్లిప్పు సీలింగ్ బోర్డును పట్టుకునే ఇనుప ఛానెల్ మీద కూర్చుందన్నమాట. క్లిప్పును కాస్త తిప్పి పెట్టి చూడండి. కుదరకపోతే కన్నం జరపాల్సిందే. కోయకముందు చిన్న అయస్కాంతాన్ని సీలింగ్ మీద రాసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. స్క్రూ తలలున్న చోటల్లా అది అతుక్కుంటుంది, ఛానెల్ ఎటు పోతోందో అదే చెబుతుంది.

వంచినప్పుడు ఆరిపోతోంది, వదిలేస్తే వెలుగుతోంది

డ్రైవర్ నుంచి లైటుకు వచ్చే సన్నటి వైరు బిగుసుకుపోయి ఉంది. లైటును గోడవైపు వంచగానే కనెక్టర్ కొద్దిగా బయటికి వస్తుంది. లైటు కిందికి దించి, డ్రైవర్‌ను దగ్గరికి జరిపి, వైరుకు జానెడు వదులు ఇవ్వండి. ఈ లైట్లు పూర్తి చుట్టు తిరగవు, ఒకచోట ఆగుతాయి. ఆగిన చోట బలవంతంగా తిప్పినా వైరు మెలిపడి ఇదే జరుగుతుంది.

ఆ కనెక్టర్‌ను కరెంటు ఉండగా పీకి మళ్లీ పెట్టకండి. లైటు తగిలించి లేనప్పుడు డ్రైవర్ తన గరిష్ఠ వోల్టేజికి ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు ప్లగ్గు పెడితే ఒక్కసారిగా వచ్చే దెబ్బకు బాగున్న ఎల్ఈడీ పోతుంది. "కొత్త లైటు పెట్టగానే తళుక్కుమని ఆరిపోయింది" అనే కేసుల్లో చాలావరకు జరిగేది ఇదే.

అసలు వంగకపోతే వెనక చోటు లేనట్టు. పైన బీమో పైపో అడ్డం ఉంటుంది. లైటు చోటు మార్చడం తప్ప చేసేదేమీ లేదు.

స్విచ్ ఆపినా సన్నగా వెలుగుతోంది, లేదా నిమిషానికోసారి తళుక్కుమంటోంది

దీని దగ్గర కాస్త ఆగాలి. మంచం మీద పడుకున్నాక చీకట్లో కనిపించే సమస్య ఇది. పగలు ఎవరి కంటా పడదు. షాపుకు తీసుకెళ్తే అక్కడ బాగానే పనిచేస్తుంది, బాగానే ఆరిపోతుంది. షాపువాడు మంచివాడైతే మార్చి ఇస్తాడు. కొత్తదీ ఇంటికొచ్చి ఇదే పని చేస్తుంది. తర్వాత డ్రైవర్ మారుస్తారు, ఆ తర్వాత కంపెనీ మారుస్తారు. స్విచ్ బోర్డు తెరిచి చూసేవాళ్లు మాత్రం కనపడరు.

అసలు కారణం: స్విచ్ ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) మీద కాకుండా న్యూట్రల్ (తిరుగు వైరు) మీద ఉంది. స్విచ్ ఆపితే న్యూట్రల్ తెగుతుందే కానీ 230 వోల్టుల ఫేజ్ నేరుగా డ్రైవర్ దాకా వచ్చి అక్కడే కూర్చుని ఉంటుంది. పైన పైపుల్లో వైర్లు పక్కపక్కనే పరిగెడతాయి, దగ్గర్లో ఇనుప ఛానెళ్లు ఉంటాయి. ఆ దగ్గరితనం వల్లే కరెంటు చుక్కచుక్కగా లీకవుతుంది. డ్రైవర్‌లోని కెపాసిటర్ దాన్ని మెల్లగా పోగేసుకుని, సరిపడా నిండగానే లైటును వెలిగించబోతుంది. ఉన్నది అయిపోయి ఆరిపోతుంది, మళ్లీ నిండుతుంది. తళుకు అందుకే. డ్రైవర్ చవకరకమైతే తళుకు లేకుండా మిణుగురులా ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.

పాత ట్యూబ్‌లైటు ఉన్నన్నాళ్లూ ఇది బయటపడదు. అంత కొంచెం కరెంటుకు ట్యూబ్‌లైటు చలించదు కదా. అందుకే "ఇరవై ఏళ్లుగా లేనిది ఇప్పుడెందుకొచ్చింది?" అని అడుగుతారు. తప్పు ఇరవై ఏళ్లుగా ఉంది, ఎల్ఈడీ వచ్చి దాన్ని చూపించింది. కొత్త ఇళ్లలో దారి వేరు. సీలింగ్ పనివాళ్లు ఒకే రంగు వైరు కట్ట తెచ్చి అంతటా లాగేస్తారు. పైన ఏది ఫేజో ఏది న్యూట్రలో తెలియక, వెలిగితే చాలనుకుని కలిపేస్తారు. ఎలా కలిపినా లైటు వెలుగుతుంది, చిక్కంతా అక్కడే.

ఇది మిణుకు గొడవతో పోయేది కాదు. స్విచ్ ఆపాం కదా అని నిచ్చెనెక్కి డ్రైవర్ వైర్ల కొసలు పట్టుకున్నవాడికి షాక్ కొడుతుంది.

పరీక్ష ఇలా చేయాలి. ఎంసీబీ దింపి, లైటు కిందికి లాగి, డ్రైవర్‌కు వచ్చే రెండు మెయిన్ వైర్లు విప్పి, కొసలు దేనికీ తగలకుండా విడదీయండి. స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి ఎంసీబీ ఎత్తండి. మల్టీమీటర్‌తో ఒక్కో వైరుకూ ఎర్త్‌కూ మధ్య చూడండి. ఏదో ఒకదాంట్లో నిలకడగా 230 దరిదాపు కనిపిస్తే దొంగ దొరికినట్టే, స్విచ్ న్యూట్రల్ మీద ఉంది. అంకె ఇరవైలు, నలభైల్లో ఊగుతూ ఉంటే అది పక్క వైరు నుంచి వచ్చే ఉత్తుత్తి వోల్టేజి.

టెస్టర్ ఒక్కదాన్నే నమ్మకండి. ఆ ఉత్తుత్తి వోల్టేజికి కూడా అది సన్నగా వెలుగుతుంది. పైగా డ్రైవర్ విప్పకుండా పెడితే ఫేజ్ డ్రైవర్ గుండా రెండో వైరులోకీ దిగి, రెండింట్లోనూ టెస్టర్ వెలుగుతుంది. "రెండు ఫేజులు వస్తున్నాయి, న్యూట్రల్ తెగింది" అని సీలింగ్ కోసేసినవాళ్లు ఉన్నారు. న్యూట్రల్ తెగలేదు, కింద స్విచ్ దగ్గర ఆగి ఉంది.

మరమ్మతుకు దిగేముందు అదే బోర్డులోని సాకెట్‌ను చూడండి. మనవైపు నుంచి చూస్తే ఫేజ్ కుడివైపు కన్నంలో ఉండాలి. సాకెట్‌లో కూడా ఎడమవైపు ఫేజ్ వస్తుంటే ఆ బోర్డుకు వచ్చే ఫేజ్-న్యూట్రల్ జతే తారుమారైంది. ఎంసీబీ దింపి ఆ రెండు కొసలు మార్చేస్తే లైట్లు, సాకెట్ అన్నీ ఒకేసారి దారికొస్తాయి. సాకెట్ సరిగ్గా ఉంటే తప్పు లైట్ల లూపులోనే ఉంది. లైటుకు వెళ్లే వైరును స్విచ్ ద్వారా ఫేజ్‌కూ, తిరిగొచ్చేదాన్ని నేరుగా న్యూట్రల్‌కూ కలపాలి. సాకెట్ చూడకుండా బోర్డు జత మార్చేస్తే ఇటు లైటు బాగై, అటు సాకెట్ తిరగబడుతుంది.

ఇంట్లో అన్ని గదుల్లోనూ ఇలాగే ఉంటే, ముఖ్యంగా గాలివానకు తెగిన సర్వీసు వైరు మళ్లీ కలిపిన తర్వాత మొదలైతే, ఏ బోర్డూ విప్పకండి. మీటరు దగ్గరే ఫేజ్, న్యూట్రల్ మారిపోయి ఉంటాయి. అది మీరు ముట్టుకునేది కాదు, కరెంటాఫీసులో ఫిర్యాదు ఇవ్వండి.

ఫేజ్ స్విచ్ మీదే ఉండి కూడా వెలుగుతుంటే మొదట స్విచ్‌లో చిన్న ఎర్రదీపం ఉందేమో చూడండి. స్విచ్ ఆపినప్పుడు ఆ దీపం వెలిగేది మీ లైటు గుండా వచ్చే కరెంటుతోనే. మామూలు స్విచ్ వేస్తే సరి. న్యూట్రల్ అక్కర్లేని స్మార్ట్ స్విచ్‌లదీ ఇదే కథ. మెట్ల దగ్గర ఒకే లైటుకు రెండు స్విచ్‌లుండే టూ-వే వైరింగ్‌లో వైర్లు పొడుగ్గా పక్కపక్కనే నడవడం వల్ల వస్తే, డ్రైవర్ మెయిన్ వైర్లకు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఎక్స్2 రకం కెపాసిటర్ పెట్టిస్తే ఆగుతుంది. దీన్ని చివరికే ఉంచుకోండి. న్యూట్రల్ తప్పు సరిచేయకుండా కెపాసిటర్ పెడితే మిణుకు పోతుంది, షాక్ అలాగే ఉంటుంది.

అరగంట వెలిగి ఆరిపోతోంది, చల్లారాక మళ్లీ వస్తోంది

డ్రైవర్‌ను లైటు వీపు మీదే పెట్టేశారు, లేదా పైన పరిచిన గ్లాస్ ఊల్ కింద కప్పేశారు. వేడికి తనను తాను ఆపుకుంటోంది. పక్కకు జరిపి గాలి తగలనివ్వండి.

మిగతావి

స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పడిపోతుంటే, ఛానెల్ స్క్రూ కింద వైరు నలిగిందేమో చూడండి. డిమ్మర్‌తో గిజగిజలాడితే ఆ డ్రైవర్ డిమ్మర్‌కు పనికొచ్చేది కాదు. ఇక ఎల్ఈడీ చిప్పే నిజంగా చచ్చిపోవడం. అదే సైజు, అదే కరెంటు డ్రైవర్‌తో పక్కన బాగా వెలిగే లైటును తెచ్చి, ఎంసీబీ దింపి ఇక్కడి డ్రైవర్‌కే తగిలించి చూడండి. అది వెలిగితే మీ పాతది పోయినట్టే, అప్పుడు షాపుకు వెళ్లండి.