పికిల్‌బాల్ ఆడదామంటే చోటు దొరకడం లేదా?

పికిల్‌బాల్ అంటే ప్యాడిల్ అనే చిన్న బ్యాటుతో ప్లాస్టిక్ బంతిని నెట్ మీదుగా కొట్టుకునే ఆట. జట్టు లేకుండా, కోర్టు బుక్ చేసుకోకుండా, ఒక్కరే వెళ్లి అక్కడున్నవారితో కలిసి ఆడే వీలుంటే దాన్ని డ్రాప్-ఇన్ ఆట అంటారు. గోదావరి డెల్టాలో ఇది దొరకక నిరాశపడేవారికి ఎదురయ్యే ఇబ్బందులు ఇంచుమించు ఇవే.

సమస్య: ఫోనులో ఎంత వెతికినా మా ఊళ్లో ఒక్క చోటూ కనిపించదు.

కారణం: మన వైపు ఈ ఆటకు విడిగా బోర్డు ఉండదు. ఎక్కువగా షటిల్ ఇండోర్ కోర్టుల్లోనే, ఖాళీ సమయాల్లో ఆడతారు. కబురంతా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది కాబట్టి మ్యాపులో కనిపించదు.

పరిష్కారం: పికిల్‌బాల్ అని కాకుండా షటిల్ కోర్టు అని వెతకండి. షటిల్ డబుల్స్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ పుట్టిన అమలాపురం ఈ డెల్టాలోదే. షటిల్ మీద ప్రేమ ఉన్న ఊళ్లు ఇక్కడ తక్కువేమీ కాదు. ఫోను చేసి ఊరుకోకుండా ఉదయం పూట స్వయంగా వెళ్లి, "పికిల్‌బాల్ ఏ రోజుల్లో ఆడుతున్నారండీ? గ్రూపు ఎవరు చూస్తున్నారండీ?" అని అడగండి. రెండో ప్రశ్న మరిచిపోవద్దు. ఆ ఒక్క మనిషి నంబరు దొరికితే సగం పని అయినట్టే.

సమస్య: కోర్టు ఉంది, కానీ అక్కడ ఎవరూ ఈ ఆట ఆడరు.

కారణం: కొత్తగా కోర్టు కట్టాలనీ, గిట్టుబాటు కాదనీ యజమాని అనుకోవడం.

పరిష్కారం: కట్టాల్సిందేమీ లేదు. షటిల్ డబుల్స్ కోర్టు, పికిల్‌బాల్ కోర్టు రెండింటి కొలతా ఒకటే: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. మార్చాల్సినవి రెండే. మొదటిది గీత. షటిల్‌లో ముందు సర్వీసు గీత నెట్‌కు ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది. పికిల్‌బాల్‌లో 'కిచెన్' (బంతిని నేల తాకకముందే కొట్టకూడని, నెట్ పక్కనున్న చోటు) గీత ఏడు అడుగుల దగ్గర ఉండాలి. అంటే అరడుగు వెనక్కి జరిపి టేపు అంటించాలి. సింథటిక్ మ్యాట్ అయితే జిగురు మిగలని టేపు వాడండి, అది కూడా యజమాని ఒప్పుకున్నాకే. రెండోది నెట్. పై అంచు పక్క గీతల దగ్గర 36 అంగుళాలు, మధ్యలో 34 అంగుళాలు ఉండాలి. షటిల్ నెట్ రెండున్నర అడుగుల లోతు ఉంటుంది కాబట్టి తాడు కిందికి దించి కట్టినా నేలకు తగలదు.

ఇక సమయం. చాలా కోర్టులు పొద్దున తొమ్మిది దాటితే సాయంత్రం వరకు ఖాళీగా ఉంటాయి. ఉద్యోగ విరమణ చేసినవారికీ, ఇంటిపని ముగించుకుని వచ్చే మహిళలకూ అదే అనువైన వేళ. నలుగురు కలిసి వెళ్లి వారానికి రెండు రోజులు ఆ గంట అడగండి. ఖాళీగా ఉండే కోర్టుకు అద్దె వస్తుందంటే కాదనేవారు అరుదు. మన ఊళ్లలో ఈ ఆట నిలబడాలంటే ఇదే దగ్గరి దారి అని నా గట్టి నమ్మకం.

సమస్య: వెళ్తే ఎవరూ ఆటలోకి పిలవలేదు.

కారణం: చిన్నచూపు అనుకోకండి. వంతుల పద్ధతి లేనిచోట రోజూ వచ్చే నలుగురే ఆడుతూ ఉండిపోతారు.

పరిష్కారం: ప్యాడిళ్లను గోడ వెంట వరుసగా పెట్టే పద్ధతిని సూచించండి. ఆట 11 పాయింట్లకు, రెండు పాయింట్ల తేడాతో ముగుస్తుంది. అది కాగానే నలుగురూ దిగాలి, వరుసలో ముందున్న నలుగురు ఎక్కాలి. మీరు మొదలుపెట్టే వేళకే చేరుకోండి, ఆట ఎంత వచ్చో ఉన్నదున్నట్టు చెప్పండి. పాత ఆటగాళ్లు కొత్తవారికి ఒక్క ఆట కేటాయించాలి. అలా చేయని బృందం పెరగదు.

సమస్య: ఆరుబయట బంతి అదుపులో ఉండదు.

రంధ్రాలున్న తేలికపాటి ప్లాస్టిక్ బంతికి సముద్రపు గాలి తోడైతే అంతే. ఆరుబయట 40 రంధ్రాల గట్టి బంతి వాడండి, గాలి లేవకముందే తెల్లవారుజామున ఆడండి. వానాకాలంలో ఇండోరే మేలు. అక్కడా ఉక్కకు నేల చెమ్మగిల్లుతుంది, తుడవకుండా ఆట మొదలుపెట్టనివ్వకండి. తలపై నుంచి వెళ్లే బంతి కోసం వెనక్కి అడుగులు వేస్తూ పరుగెత్తితే పెద్దవారు పడిపోతారు. పక్కకు తిరిగి వెళ్లాలి, లేదా ఆ పాయింటు వదిలేయాలి.

సమస్య: పోయిన వారం ఉన్న ఆట ఈ వారం లేదు.

షటిల్ పోటీలు, పిల్లల వేసవి శిక్షణ, సంక్రాంతి ఊరి ప్రయాణాలు: వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. ముందురోజు రాత్రి గ్రూపులో "రేపు ఎవరెవరు వస్తున్నారు?" అని అడగండి. నాలుగు పేర్లు వస్తేనే బయలుదేరండి.