సింగపూర్, న్యూజిలాండ్, మారిషస్‌కి పార్శిలా? డబ్బాకి టేపు వేసే ముందు ఇవి చూసుకోండి

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం ఎక్కడ చూసినా పిల్లలు సింగపూర్‌లోనో న్యూజిలాండ్‌లోనో బహ్రెయిన్‌లోనో ఉన్న ఇల్లు వీధికి ఒకటైనా కనిపిస్తుంది. ఇవన్నీ ద్వీప దేశాలే, కానీ ఒకదాని రూలు ఇంకోదానికి పనికిరాదు. పక్కింటావిడ సింగపూర్ పంపితే చక్కగా చేరింది కదా అని అవే సరుకులు న్యూజిలాండ్‌కి కడితే ఇబ్బందే. కొరియర్ షాపు కుర్రాడు “ఏం కాదు ఆంటీ, వెళ్ళిపోద్ది” అంటాడు. నిజమే, వెళ్ళిపోతుంది, కానీ అక్కడ ఆపేస్తే ఫోన్ వచ్చేది మీ అబ్బాయికి.

ముందు ఫారం. పోస్టాఫీసులో నింపాల్సిన కస్టమ్స్ డిక్లరేషన్‌ని సీఎన్ 22, సీఎన్ 23 అంటారు, చిన్న ప్యాకెట్లకు మొదటిది, పార్శిళ్ళకు రెండోది. ఆధార్ కాపీ దగ్గర పెట్టుకోండి. 2021 జనవరి 1 నుంచి ఈ వివరాలు పార్శిల్ కంటే ముందే కంప్యూటర్‌లో అవతలి దేశానికి చేరాలన్నది అంతర్జాతీయ తపాలా నియమం. అంటే మీ డబ్బా చేతికి రాకముందే మీరు రాసింది అక్కడివాళ్ళు చదివేస్తారు. కాబట్టి “ఫుడ్ ఐటమ్స్”, “హోమ్ థింగ్స్”, ఒట్టి “గిఫ్ట్” అని రాయడమంటే, రండి విప్పి చూడండి అని పిలవడమే. ఒక్కో వస్తువు ఒక్కో లైన్‌లో, ఎన్ని, ఎంత బరువు, ఎంత విలువ, అన్నీ రాయండి. పూతరేకులు అని మాత్రం రాస్తే అక్కడ ఎవరికీ తెలియదు, బియ్యప్పిండి రేకు, బెల్లం, నెయ్యితో చేసిన స్వీట్ అని ఇంగ్లీషులో రాయించండి. మామిడి తాండ్ర కూడా అంతే, ఎండబెట్టిన మామిడి గుజ్జు అని ఉండాలి.

విలువ దగ్గర మనవాళ్ళందరూ తెలివి చూపిస్తారు. పన్నెండు వేల పట్టుచీరకి ఐదొందలు అని రాస్తారు. కస్టమ్స్ వాళ్ళకి చీర చూస్తే తెలియదా? పైగా ఆ పార్శిల్ దారిలో పోతే ఐదొందలకు మించి అడిగే నోరు మనకి ఉండదు. బిల్లు ఉంటే కాపీ లోపల పెట్టండి, ఇంట్లో పట్టిన పచ్చడైతే అదే పచ్చడి బజార్లో కిలో ఎంత ఉందో ఆ ధర వేయండి. సున్నా మాత్రం వేయొద్దు.

సింగపూర్ సంగతి కాస్త తేలిక. మద్యం, పొగాకు, వాహనాలు, పెట్రోలు సరుకుల మీద తప్ప కస్టమ్స్ డ్యూటీయే లేదు, ఉన్నది జీఎస్టీ, అది 2024 నుంచి 9 శాతం. ఇంటి నుంచి పోస్టులో, విమానంలో వెళ్ళే పార్శిల్ విలువ 400 సింగపూర్ డాలర్ల లోపు ఉంటే అదీ ఉండదు. అయితే ఆ విలువలో సరుకు ధరతో పాటు రవాణా ఖర్చు, ఇన్సూరెన్స్ కూడా కలుస్తాయి, ఈ లెక్క మర్చిపోయి చాలామంది గీత దాటేస్తారు. దాటితే పన్ను మొత్తం విలువ మీద పడుతుంది. డబ్బు కంటే పెద్ద టెన్షన్ గసగసాలతో. నల్లమందు మొక్క గింజలే గసగసాలు కాబట్టి అక్కడ మాదకద్రవ్యాల శాఖ వాటిని రానివ్వదు. విడిగా పంపకపోయినా, కోడికూర మసాలా పొడిలో కలిపి దంపిన సంగతి మనకి గుర్తుండదు! చూయింగ్ గమ్, గుట్కా, ఖైనీ కూడా నిషేధం. మాంసం తాము ఒప్పుకున్న చోటి నుంచే తీసుకుంటారు కాబట్టి కోడి పచ్చడి, మటన్ పచ్చడి మానేయండి.

న్యూజిలాండ్ దగ్గర మాత్రం నెమ్మదిగా కూర్చుని ఆలోచించాలి. అక్కడ పన్నుల వాళ్ళ కంటే బయోసెక్యూరిటీ వాళ్ళే గట్టివాళ్ళు. చుట్టూ సముద్రం, ఆ దేశం బతుకంతా పాడి, పళ్ళతోటల మీద, బయటి పురుగో తెగులో ఒక్కటి దిగినా నష్టం మామూలుగా ఉండదు. అందుకని తేనె వద్దు. పచ్చి కరివేపాకు వద్దు. పెరట్లో కాసిన ఆనప గింజలు, బీర గింజలు కాగితంలో పొట్లం కట్టి చీర మడతలో పెట్టే అమ్మలు ఉంటారు, దయచేసి ఆ పని చేయకండి, విత్తనాలకు అక్కడ వేరే నిబంధనలున్నాయి. నెయ్యి, పాలపొడి, కోవా కలిసినవి పంపే ముందు ఎంపీఐ అనే అక్కడి ప్రాథమిక పరిశ్రమల శాఖ వెబ్‌సైట్ పిల్లల చేత చూడించండి, దేశాన్ని బట్టి, వస్తువుని బట్టి రూలు మారుతుంది. ప్యాకింగ్ కూడా తనిఖీలోకి వస్తుంది. వరిగడ్డి, కొబ్బరిపీచు, అరటాకు, రావులపాలెం మార్కెట్ నుంచి తెచ్చిన పళ్ళ పెట్టెలు వాడొద్దు. కొత్త అట్టపెట్టె, లోపల బబుల్ షీట్, అంతే. చెక్కపెట్టె తప్పదంటే పురుగు చచ్చేలా శుద్ధి చేసిన చెక్క అని తెలిపే ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ముద్ర ఉండాలి, వేడితో శుద్ధి చేసే మామూలు పద్ధతిలో అయితే చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలి. అభ్యంతరం వస్తే నాశనం చేయించాలా, వెనక్కి పంపించాలా అని అడిగేది తీసుకునేవాళ్ళని, ఖర్చు కూడా వాళ్ళదే.

మారిషస్‌కి మనవాళ్ళు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళారు, అక్కడి తెలుగువాళ్ళకి కోరంగీలన్న పేరు అలా వచ్చిందే. ఇప్పుడు పంపేవాళ్ళకి కావాల్సింది ఇంకోటి: 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశానికీ మారిషస్‌కీ వాణిజ్య ఒప్పందం అమల్లో ఉంది. ఒప్పందంలో ఉన్న సరుకైతే, ఇది భారత్‌లో తయారైందని చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ జతచేస్తే సుంకం తగ్గుతుంది. 15 శాతం వ్యాట్ వేరే.

నరసాపురం లేసు, కొబ్బరిపీచు డోర్ మ్యాట్లు అమ్మడానికి పంపేవాళ్ళు “గిఫ్ట్” అని రాయకూడదు, అది అబద్ధమే అవుతుంది. డీజీఎఫ్‌టీ అనే కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం వెబ్‌సైట్‌లో పాన్, బ్యాంకు ఖాతాతో ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల కోడ్ నంబరు తీసుకోండి, ఫీజు 500 రూపాయలు. తర్వాత ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు ఉచితంగా అప్‌డేట్ చేయాలి, లేకపోతే నంబరు ఆగిపోతుంది. జీఎస్టీ ఉన్నవాళ్ళు ఎల్‌యూటీ అనే హామీపత్రం పెట్టుకుంటే పన్ను ముందు కట్టే బాధ ఉండదు. సరుక్కి సరైన హెచ్‌ఎస్ కోడ్, అంటే సరుకు రకాన్ని చెప్పే అంతర్జాతీయ నంబరు వెతికి పెట్టుకోండి, అక్కడ సుంకం తేలేది దాని మీదే. ఎగుమతి కాగితాలు కంప్యూటర్‌లో నింపడానికి పోస్టల్ శాఖ 2022లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు మొదలుపెట్టింది, దగ్గర్లో ఎక్కడుందో హెడ్ పోస్టాఫీసులో అడగండి.

పంపిన రోజే ఫారం, బిల్లు, ట్రాకింగ్ నంబరు ఫోటో తీసి తీసుకునేవాళ్ళకి వాట్సాప్ చేయండి. కస్టమ్స్ వాళ్ళు ఇందులో ఏముంది అని అడిగితే మీరు రాసిందే వాళ్ళూ చెప్పాలి.