కాచిగూడ స్టేషన్‌ని తీరిగ్గా చూడాలంటే

చాలామంది హైదరాబాద్ కాచిగూడలో బండి దిగి నేరుగా ఆటో కోసం పరిగెడతారు, అందుకే ఆ బిల్డింగ్ సంగతే తెలియదు. ఆదివారం పొద్దున్నే వెళ్లండి. సికింద్రాబాద్ నుంచైతే ఫలక్‌నుమా వైపు పోయే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజ్, జామియా ఉస్మానియా, విద్యానగర్ దాటాక వచ్చేది ఇదే. టైమ్ ముందే చూసుకోండి, ఒకటి పోయిందంటే ఇంకోదానికోసం చాలాసేపు పడిగాపులే.

దిగగానే ప్లాట్‌ఫాం మీద తచ్చాడకుండా బయటికొచ్చి, పార్కింగ్ దాటి ఎదురుగా నిలబడి తలెత్తి చూడండి. నడిమధ్యన పెద్ద గుమ్మటం, అటూ ఇటూ చిన్నవి, వాటి పక్కన సన్నటి మినార్లు. రైల్వే స్టేషనా, నవాబుగారి దేవిడీనా (భవంతినా) అనిపిస్తుంది! ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1916లో కట్టారు. అప్పట్లో నిజాం రైల్వేకి సొంత బళ్లు, సొంత లైన్లు ఉండేవి, కాచిగూడ మీదుగా నడిచింది మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం తక్కువుండే లైను. అది వెడల్పాటి బ్రాడ్ గేజ్‌గా మారింది 1990లలో, ఎంఎంటీఎస్ వచ్చింది ఆ తర్వాతే.

సాయంత్రం వెళ్తే లైట్లలో ఫొటోలు బాగా వస్తాయి, కానీ జనం మధ్య నిలబడే చోటు దొరకదు. లోపలికి మళ్లీ వెళ్లాలంటే ప్లాట్‌ఫాం టికెట్ మర్చిపోకండి.