ఇంటి షెడ్డులో కారు లిఫ్టు పెట్టాలంటే ముందు నేల సంగతి చూడండి

కారు లిఫ్టు కొందామనుకునే వాళ్ళలో ఎక్కువమంది మొదట అడిగేది "ఎన్ని టన్నులది తీసుకోవాలండీ?" అని. అమ్మేవాళ్ళు కూడా అక్కడినుంచే మొదలుపెడతారు, చెప్పడానికి సులువైన నెంబరు అదే కాబట్టి. మన వైపు, అంటే అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఎక్కడైనా సరే, మొదటి ప్రశ్న అది కాకూడదని నా గట్టి అభిప్రాయం. మీ షెడ్డు కింద ఏ మట్టి ఉంది, దానిమీద కాంక్రీటు ఎంత మందం పడింది, వానాకాలంలో ఊట ఎంత పైకి వస్తుంది, ఇవి తేలాకే ఏ రకం లిఫ్టు అనేది తేలుతుంది. టన్నులు చివర్లో చూసుకోవచ్చు.

ఎందుకో చెప్తాను. గ్యారేజీల్లో మనం మామూలుగా చూసే టూ పోస్ట్ లిఫ్టుకి రెండు స్తంభాలు, వాటినుంచి లోపలికి చాచిన నాలుగు ఆర్ములు ఉంటాయి. కారు బరువు కిందికే కాదు, ఆ ఆర్ముల ద్వారా స్తంభాల్ని లోపలికి కూడా గుంజుతూ ఉంటుంది. ఆ గుంజుడిని ఆపేది ఒక్కో స్తంభం అడుగున ఉన్న నాలుగైదు యాంకర్ బోల్టులు (గచ్చులో కన్నం వేసి దిగ్గొట్టే బోల్టులు), ఆ బోల్టుల్ని పట్టుకుని ఉండేది కాంక్రీటు. ఇక మన ఇళ్ళ దగ్గర షెడ్డు ఎలా వేస్తామో తెలిసిందే కదా. పల్లం చోటైతే బుసకో గ్రావెలో తోలించి మెరక చేస్తాం, నీళ్ళు పెట్టి అణగనిస్తాం, పైన మూడు అంగుళాల కాంక్రీటు వేసి నున్నగా సిమెంటు పూత పూస్తాం, ఇంకాస్త డబ్బులుంటే టైల్స్ వేస్తాం. కారు నిలబెట్టుకోడానికి అది చక్కగా సరిపోతుంది, లిఫ్టు బోల్టుకి మాత్రం అస్సలు సరిపోదు. పైగా కింద నల్లరేగడి ఉంటే అది వానలకి ఉబ్బుతుంది, ఎండలకి నెర్రెలిస్తుంది, దాంతోపాటు పైన గచ్చు కూడా కదులుతుంది.

మీ గచ్చు మందం తెలుసుకోడానికి ఇంజనీరు కూడా అక్కర్లేదు. హ్యామర్ డ్రిల్లు, పొడవాటి బిట్టు తీసుకుని, స్తంభం రాబోయే చోటికి కొంచెం పక్కగా ఒక కన్నం వేయండి. మొదట బూడిదరంగు పొడి వస్తుంది, బిట్టు కష్టంగా దిగుతుంది. ఒక లోతుకి వెళ్ళాక ఉన్నట్టుండి బిట్టు జర్రున జారుతుంది, పొడి రంగు మారి ఇసుక రావడం మొదలవుతుంది, ఇంకా పోనిస్తే బిట్టుకి తడి నల్లమట్టి చుట్టుకుని పైకొస్తుంది. బిట్టు జారిన ఆ చోటే మీ కాంక్రీటు అయిపోయినట్టు. బిట్టు మీద వేలు పెట్టి పట్టుకుని టేపుతో కొలవండి. రెండు స్తంభాల దగ్గరా విడివిడిగా చూడండి, ఎందుకంటే ఒకే షెడ్డులో ఒక మూల నాలుగు అంగుళాలు, ఇంకో మూల రెండున్నర ఉండడం మామూలే.

టూ పోస్ట్ లిఫ్టు కంపెనీల మాన్యువల్స్‌లో కొన్ని నాలుగు అంగుళాలపైన చాలంటాయి, కొన్ని ఆరు, ఎనిమిది అడుగుతాయి. మీరు కొనే మోడల్ మాన్యువల్ ముందే తెప్పించుకుని అందులో ఏముంటే అది కనీసం అనుకోండి. మన మెత్తటి నేలలో నేనైతే పాత గచ్చు జోలికే వెళ్ళను. స్తంభాల చోట గచ్చు కోయించి, కింద నల్లమట్టి తీయించేసి, గ్రావెల్‌ని పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టించి, దానిమీద రెండు వరసల ఇనుప జల్లెడ కట్టించి, అడుగు మందాన ఎం25 అనే గ్రేడు కాంక్రీటు వేయించమంటాను. ఒక్కో స్తంభానికి వేరువేరు దిమ్మలు వేయకండి. ఒక దిమ్మ ఒక పక్కకి, ఇంకోటి ఇంకో పక్కకి కొంచెం ఒరిగినా పైన అది బాగా ఎక్కువైపోతుంది. రెండు స్తంభాలనీ కలుపుతూ ఒకటే పొడవాటి దిమ్మ వేస్తే కదిలినా రెండూ కలిసే కదులుతాయి. ఈ పని తెలిసిన సివిల్ ఇంజనీరు ఒకరు వచ్చి మట్టి చూసి ఇనుము ఎంతో చెప్తే అంతకన్నా మంచిది లేదు, ఆయనకిచ్చే ఫీజు లిఫ్టు ధర ముందు ఏమంత కాదు.

నీళ్ళ సంగతి మర్చిపోవద్దు. సముద్రం వైపు ఊళ్ళలో, అంతర్వేది నుంచి ఇటు నరసాపురం దాకా, బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, ఉప్పునీటి రొయ్యల చెరువులున్న చోట మరీను. ఆ నీళ్ళతో కలిపిన కాంక్రీటులో ఇనుము లోపలే తుప్పు పడుతుంది. ఇనుము వేసే కాంక్రీటుకి కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటుకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 చెప్తుంది. అందుకని కాలువ నీళ్ళు తోలించుకోండి, తడపడానికి కూడా అవే వాడండి. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఆ లోపే పని పెట్టుకోండి. తడపడం అయ్యాక కూడా 28 రోజులు నిండకుండా బోల్టు బిగించనివ్వకండి, ఇన్‌స్టాల్ చేసే కుర్రాళ్ళు ఎంత తొందరపెట్టినా సరే.

ఇంత ఖర్చు పెట్టుకుని లిఫ్టెందుకు, గొయ్యి తవ్వుకుంటే పోలా అని కొందరంటారు. మెట్ట ప్రాంతంలో అయితే ఆలోచించొచ్చు. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే చాలాచోట్ల ఊట వస్తుంది, జులై నుంచి నవంబరు దాకా గొయ్యి నీళ్ళతో నిండిపోయి ఉంటుంది. ఒకవేళ గట్టిగా ప్లాస్టరింగ్ చేయించి నీళ్ళు ఆపినా, పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి గోతిలోకే దిగి అక్కడే కూచుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. నేను ఎవరికీ గొయ్యి సలహా ఇవ్వను. నేలలోకి దించే లిఫ్టులు కూడా ఈ ఊట వల్లే మనకి పనికిరావు.

తర్వాత కప్పు ఎత్తు. దీనికి లెక్క సులువు: బండి ఎత్తు, దానికింద నిలబడే మనిషి ఎత్తు, రెండూ కలపండి. స్విఫ్ట్ లాంటి చిన్న కారు అయిదడుగులు, మీరు అయిదున్నర అడుగులు, పది అడుగుల శ్లాబు కింద ఇది అప్పుడే పట్టడం లేదు. ఫార్చ్యూనర్, ఇన్నోవా లాంటివి ఆరడుగుల దగ్గర ఉంటాయి, వాటికి పన్నెండు అడుగులు ఉండాల్సిందే. రేకుల షెడ్డు అయితే రేకు దాకా కొలవకండి, అడ్డంగా వెళ్ళే ఇనుప దూలం అడుగు దాకా కొలవండి. ఫ్యాను, ట్యూబులైటు, షట్టరు చుట్టుకునే డ్రమ్ము, ఇవన్నీ దారికి అడ్డమే. టూ పోస్ట్‌లో పైన అడ్డ దూలం ఉండే రకం, నేలమీద ప్లేటు ఉండే రకం అని రెండున్నాయి. తక్కువ ఎత్తుకి నేల ప్లేటు రకం కుదురుతుంది, కాకపోతే ఇంజను, గేర్‌బాక్సు ట్రాలీ మీద తోసేటప్పుడు ఆ ప్లేటు చక్రాలకి తగులుతూ ఉంటుంది.

కప్పు తక్కువగా ఉండి, నేల తవ్వే ఉద్దేశం లేకపోతే మీకు సరిపోయేది మిడ్ రైజ్ సిజర్ లిఫ్టు, అంటే కత్తెరలా మడుచుకునే ఇనుప కాళ్ళ మీద లేచేది. నడుము ఎత్తు దాకా లేపుతుంది, బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ పని హాయిగా స్టూలు మీద కూచుని చేసుకోవచ్చు. మధ్యలో దాని ఇనుమే అడ్డొస్తుంది కాబట్టి గేర్‌బాక్సు దింపడం లాంటి పనులకి ఇబ్బంది. ఇంటి అవసరానికి చాలామందికి ఇదే చాలు, ఇది నేను నొక్కి చెప్తాను. ఫోర్ పోస్ట్ లిఫ్టు బరువుని నాలుగు పాదాల మీదికి పంచుతుంది, గుంజుడు ఉండదు, నాలుగు అంగుళాల మంచి కాంక్రీటుతో చాలా మోడల్స్ ఒప్పుకుంటాయి. వరద భయమున్న ఊళ్ళలో కారుని పైకెక్కించి ఉంచుకోడానికి కూడా అదే బాగుంటుంది. కాకపోతే బండి చక్రాల మీదే నిలబడుతుంది, చక్రాలు విప్పాలంటే మధ్యలో జరిగే జాకీ విడిగా కొనాలి. రోజూ పని, అన్ని రకాల పనులు, పునాదికి డబ్బు, పన్నెండు అడుగుల ఎత్తు, ఇవన్నీ ఉన్నవాళ్ళకే టూ పోస్ట్.

కరెంటు దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. ఈ లిఫ్టుల మోటారు మామూలుగా 2.2 కిలోవాట్లు, అంటే 3 హెచ్‌పీ. త్రీ ఫేజ్ మీద అయితే అయిదు ఆంపియర్లు కూడా దాటదు, సింగిల్ ఫేజ్ మీద 14 ఆంపియర్ల దగ్గర లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. సాయంత్రం ఊళ్ళో ఓల్టేజి పడిపోయినప్పుడు సింగిల్ ఫేజ్ మోటారు మూలిగి ఆగిపోతుంది, అలా పదేపదే చేస్తే వైండింగు కాలిపోతుంది. మీ మీటరు లోడు ఎంతో బిల్లు మీద చూసుకుని, చాలకపోతే ఈపీడీసీఎల్ ఆఫీసులో లోడు పెంచమని అప్లికేషన్ పెట్టండి. మీటరు దగ్గర్నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి), మంచి ఎర్తింగు ఉండాలి. చేలో మోటారు లైనుకో, చెరువు లైనుకో తగిలిద్దామని మాత్రం చూడకండి. ఒక పనికి ఇచ్చిన కరెంటుని ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్ కట్టాల్సి వస్తుంది. డబ్బులు తీసుకుని వేరేవాళ్ళ బండ్లు చేస్తుంటే ఇంటి మీటరు కూడా కుదరదు, కమర్షియల్ కనెక్షన్ తీసుకోవాలి.

ఇప్పుడు టన్నులు. ఆల్టో కే10 ఖాళీ బరువు 800 కిలోల లోపే, ఇన్నోవా క్రిస్టా సుమారు 1.8 టన్నులు, ఫార్చ్యూనర్ 2 టన్నులు దాటుతుంది. అంటే 4 టన్నుల లిఫ్టు ఇంటి బండ్లన్నిటికీ సరిపోతుంది. టూ పోస్ట్‌లో 4 టన్నులంటే ఒక్కో ఆర్ముకి ఒక టన్ను అని అర్థం, అందుకే మేత బస్తాలతో నిండిన బొలేరో పికప్‌ని అలాగే ఎత్తకండి, బరువంతా వెనక ఆర్ముల మీద పడుతుంది, ముందు లోడు దింపించండి. ట్రాక్టరు ఈ లిఫ్టు మీదికి రాకూడదు, ఆర్ములు పెట్టే చోటే దానికి లేదు. బొలేరో, స్కార్పియో, క్రిస్టా లాంటి, కింద విడిగా ఇనుప ఫ్రేము ఉండే ఛాసిస్ బండ్లకి ఎత్తు పెంచే అడాప్టర్లు అవసరం, స్విఫ్ట్, ఐ20 లాంటి వాటికి డోరు కింద అంచు కూర్చునే గాడి ఉన్న రబ్బరు ప్యాడ్లు అవసరం. ఇవి లిఫ్టుతో వస్తాయా లేదా అని కొనేముందే అడగండి.

లాకుల గురించి కొంచెం నిదానంగా చదవండి, ప్రాణం దీనిమీదే ఉంటుంది. లిఫ్టు లేస్తుంటే రెండు స్తంభాల్లోంచి టక్, టక్ మని చప్పుడు వస్తుంది, అది లాకు మెట్ల మీద పడుతున్న శబ్దం. రెండు వైపులా ఒకేసారి వినిపించాలి. కావలసిన ఎత్తుకి వెళ్ళాక లివరు నొక్కి కొంచెం కిందికి దించి, బరువు లిఫ్టుని లేపే ఆయిలు మీద కాకుండా ఆ ఇనుప లాకు మీద కూర్చునేలా చేసి, అప్పుడే కిందకి వెళ్ళాలి. లాకు విడిపించాలంటే బండిని మళ్ళీ రవ్వంత పైకి లేపాలి, అంటే కరెంటు ఉండాలి. కరెంటు పోతే బండి పైనే ఉండిపోతుంది, ఇంట్లో ఇన్వర్టరు ఆ మోటారుని లాగలేదు. అందుకని చేతిపంపు అమర్చుకునే వీలున్న మోడల్ దొరికితే అదే తీసుకోండి. ఆయిలుతో కాకుండా తిరిగే మరతో లేచే స్క్రూ లిఫ్టు అయితే మెయిన్ నట్టు కింద సేఫ్టీ నట్టు ఉంటుంది, ఆ రెండిటి మధ్య సందు తగ్గుతోందంటే మెయిన్ నట్టు అరిగిపోతోందని. యూరప్ ప్రమాణం ఈఎన్ 1493 ప్రకారం పరీక్షించిన సర్టిఫికెట్ అడగండి, స్టిక్కరు చూపించి సరిపెట్టేవాళ్ళ దగ్గర కొనకండి.

ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో వైరు రోపులు పైకి బాగానే కనిపిస్తూ లోపల తుప్పు పడతాయి. గుడ్డ చుట్టుకుని రోపు పొడవునా నెమ్మదిగా లాగితే తెగిన పోగు ఉంటే గుడ్డకి పట్టుకుంటుంది, ఒక్క పోగు తెగినా రోపు మార్పించండి. లంక గ్రామాల్లోనూ ఏటిగట్టు పక్కనా ఉన్నవాళ్ళు పవర్ యూనిట్‌నీ (మోటారు, ఆయిలు పంపు ఉండే పెట్టె), స్విచ్ బాక్సునీ 1986లో, 2022లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి దానికన్నా పైన పెట్టించుకోండి. హోస్ పైపు ఇంకో రెండడుగులు పొడవైతే ఏమీ పోదు.

సెకండ్ హ్యాండ్ దొరికితే తప్పులేదు, కానీ విప్పేసి మూల పడేసిన దాన్ని కొనకండి, నిలబెట్టి ఉండగానే బండి ఎక్కించి చూడండి. పైన ఒక గంట వదిలేసి ఎంత జారిందో కొలవండి. ఆర్ములకి వెల్డింగు అతుకులుంటే వెనక్కి వచ్చేయండి. పాత యాంకర్ బోల్టులు మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు, కొత్తవే వేయించండి.

బిగించే రోజు మీరు పక్కనే ఉండండి. టైల్స్ ఉంటే బేస్ ప్లేటు కింద తీయించాలి, బోల్టు కన్నంలో పొడి అంతా ఊది శుభ్రం చేయించాలి, టార్క్ రెంచితోనే (ఎంత బిగువో కొలిచి చూపే స్పానరు) బిగించాలి, చేతి అంచనాతో కాదు. మొదట చిన్న కారుని రెండడుగులే లేపి బంపరు పట్టుకుని ఊపి చూడండి, తర్వాతే పైకి. వారం తర్వాత ఒకసారి, ఆ తర్వాత నెలనెలా బోల్టుల బిగువు చూసుకోండి. మొదటి వానాకాలం వెళ్ళాక స్తంభాలకి రెండు వైపులా తూకం గుండు పట్టి నిటారుగా ఉన్నాయో లేదో చూడండి, ఒరిగినట్టు కనిపిస్తే బేస్ ప్లేటు కింద షిమ్ములు (సన్నటి ఇనుప రేకులు) పెట్టించేదాకా బండి ఎక్కించకండి.